కొలవని పిల్లాడు

"గడప కాస్త ఎత్తు. చూసుకుని దాటండి," అంది మాహిరా.

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కిందకి చూడదు. ఆ గడప ఎంత ఎత్తో ఆమె కాళ్ళకి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచి కాలేజీకి వెళ్ళే వయసు వచ్చేదాకా దాటిన గడప అది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మాత్రం ఆమె మెడలో కార్డు వేసుకున్న గైడు, అంతే.

ఆ గురువారం పొద్దున వచ్చినవాళ్ళు నలుగురే. కంచరపాలెం నుంచి భార్యాభర్తలు, వాళ్ళ పాప, వాళ్ళతో సంబంధం లేకుండా విడిగా వచ్చిన రిటైరైన మాస్టారు. హాల్లో అద్దాల పెట్టెలో అచ్యుతరామయ్య గారి కళ్ళజోడు, శాలువా, కలాలు చూశారు. పాప గోడ మీద మీట నొక్కింది. స్పీకర్లోంచి ఆ పెద్దాయన గొంతు వచ్చింది: "మా ఇంట్లో మనుషుల కన్నా తలుపులు ఎక్కువ." అందరూ నవ్వారు. ఆ మాటకి వచ్చిన ప్రతివాళ్ళూ నవ్వుతారు.

"దశాబ్దాల పాటు ఆలనాపాలనా లేక పాడుబడిన ఈ ఇంటిని ట్రస్టువారు తీసుకుని, రచయిత గారి చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా తీర్చిదిద్దారు," అంది మాహిరా.

ఆలనాపాలనా లేదట! ఆమె తల్లి చాంద్ సుల్తానా ఈ గచ్చుని కొబ్బరి పీచు పెట్టి మొహం కనబడేలా తోమేది. పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ముని పొద్దునోసారి, సాయంత్రమోసారి తడిగుడ్డతో తుడిచేది. చేతులు అరిగేలా తుడిచిన ఆ ఏళ్ళని బోర్డు మీద ఒక్క వాక్యంలో పాడుబెట్టేశారు. ఆ వాక్యాన్ని ఆవిడ కూతురి నోటే రోజూ చెప్పిస్తున్నారు. మాహిరా కక్కలేక మింగలేక చెబుతూనే ఉంది. ఉద్యోగం కావాలి. ఉద్యోగం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు.

నడిమిగదికీ వెనకగదికీ మధ్య టేకు ద్వారబంధం ఉంది. దాని కుడివైపు నిలువు కమ్మీ మీద అడ్డంగా చిన్న చిన్న గాట్లు, నిచ్చెన మెట్లలా ఒకదాని మీదొకటి. పక్కన ఇత్తడి పలక: "అచ్యుతరామయ్య గారి బాల్యపు ఎత్తు గుర్తులు."

"ఏటేటా వాళ్ళ నాన్నగారు కొడుకుని ఇక్కడ నిలబెట్టి, తల ఎత్తున గాటు పెట్టించేవారు. పదేళ్ళు రాగానే చదువుకి విజయనగరం మేనమామ గారింటికి పంపేశారు. అందుకే గాట్లు ఇక్కడితో ఆగిపోయాయి."

ఆమె వేలు అన్నిటికన్నా పై గాటు దాకా వెళ్ళి, తగలకుండా ఆగింది.

"ఇదేమిటమ్మా, ఈ కింద ఉన్నదాని మీద ఇంటూ మార్కు కొట్టారేం?" అన్నారు మాస్టారు, కళ్ళజోడు సవరించుకుని వంగి చూస్తూ.

"ఆ ఏడాది ఆయనకి జబ్బు చేసిందని అంటారండి."

అంటారు అంటే, ట్రస్టు కార్యదర్శి సాయిశంకర్ అంటాడు. ఆ ఏడాది జబ్బూ లేదు, గిబ్బూ లేదు. రంజాన్ పండగ పొద్దున, కొత్త కుర్తా వేసుకుని, అత్తరు రాసుకుని, నమాజుకి బయల్దేరబోతూ తమ్ముడు ఇమ్రాన్ ఈ కమ్మీకి వీపు ఆనించి నిలబడ్డాడు. మాహిరా వాడి తల మీద వడ్రంగి మూలమట్టం బల్లపరుపుగా పట్టుకుంది. వాళ్ళు అబ్బా అని పిలిచే నాన్న ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. గాటు పడ్డాక చూస్తే వీడి మడమలు రెండూ గాల్లో ఉన్నాయి. అబ్బా పడీపడీ నవ్వి, దాని మీద ఇంటూ కొట్టి, రెండు వేళ్ళ కింద అసలుది కొట్టాడు. తమ్ముడు మడమలు లేపాడని మాహిరాకి ముందే తెలుసు. చెప్పలేదు.

కంచరపాలెం ఆవిడ పాపని కమ్మీకి ఆనించి నిలబెట్టింది. "నిటారుగా నిలబడే. ఆయన చల్లని చూపు పడితే నువ్వూ పుస్తకాలు రాసేత్తావు," అని ఫోను పైకెత్తింది. ఫొటోలో అడ్డం రాకుండా మాహిరా పక్కకి జరిగింది. ఈ రెండు నెలల్లో అలా జరగడం బాగా అలవాటైపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయే సమయానికి సాయిశంకర్ వచ్చాడు. కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ, తీరిక చేసుకుని ట్రస్టు పనులు చూసే మనిషి. చెడ్డవాడు కాదు. ఉత్సాహం ఒక పాలు ఎక్కువ.

"మాహిరా గారూ, శుభవార్త! ఆదివారం జయంతికి ధనలక్ష్మి గారు వస్తున్నారు. రచయిత గారి సొంత చెల్లెలు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ బయటికి రావడం ఇదే మొదలట. సబ్బవరం నుంచి మనవడు కారులో తీసుకొస్తున్నాడు. ఈ గాట్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడదాం. వీటి గురించి ఆవిడ చేతే చెప్పించి వీడియో తీద్దాం. ఈ ఇంట్లో పుట్టిపెరిగిన మనిషి సాక్ష్యం! అంతకన్నా ఏం కావాలి?"

మాహిరా ఇత్తడి పలక వైపు చూసింది. "ఆవిడ కాదంటే, సార్?"

"ఏది కాదంటే?"

"ఇవి ఆయనవి కావంటే."

సాయిశంకర్ నవ్వాడు. "ఎందుకంటారు? సరే, అన్నారే అనుకోండి. లప్పం పెట్టించి పైన పాలిష్ కొట్టించేద్దాం. తప్పుడు సమాచారం మ్యూజియంలో ఉంచకూడదు కదా."

*

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఎవరూ రారు. ఆ సమయంలో మాహిరా తలుపులు దగ్గరగా వేసి దుమ్ము తుడుస్తుంది. అద్దాల పెట్టెలకి తడిగుడ్డ, చెక్కకి పొడిగుడ్డ. గాట్లకి మాత్రం ఏ గుడ్డా కాదు. రంగులు వేసే సన్నటి కుంచె ఒకటి సంచీలో దాచుకుని తెచ్చుకుంటుంది. పోర్టు దుమ్ము ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతుంది. ఒక్కరోజు వదిలేస్తే ఒక్కో గాటు కాటుక పెట్టినట్టు నల్లబడుతుంది.

కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగగానే, అప్పటిదాకా ఆ చప్పుడు కింద అణిగి ఉన్న ఇల్లు పైకి లేచింది. దూరంగా ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజను కొట్టుకుంటోంది. వెనకగదిలో ఏదో కదిలింది. మాహిరా తల తిప్పలేదు. కింది గాటు నుంచి మొదలుపెట్టి కుంచెతో దులుపుతూ పైకి వస్తోంది.

నడుము దగ్గర, పక్కనే, ఎవరో నిలబడ్డారు.

రోజూ కాదు, వారంలో ఏ ఒకటి రెండుసార్లో. చల్లగా ఏమీ ఉండదు, కథల్లో చెప్పినట్టు వెంట్రుకలూ లేవవు. చిన్నపిల్లలు కమ్మీకి ఆనుకుని కదలకుండా నిలబడాలని ఊపిరి బిగబడతారే, ఆ బిగబట్టిన ఊపిరి మాత్రం తెలుస్తుంది. ఎవరైనా తల మీద చెయ్యి పెడతారేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

"జరగరా ఇమ్రాన్. తుడవనీ," అంది చిన్నగా.

ఆమెకి భయం లేదు. ఉన్న భయమల్లా ఒక్కటే, ఏదో ఒకరోజు ఆ ఊపిరి రాకుండా పోతుందని. ఈ గాట్లు మూసేస్తే పోతుంది. అది ఆమె గట్టి నమ్మకం. అందుకే మొదటిరోజు ఈ ఇత్తడి పలక చదివి గొంతు దాకా వచ్చిన మాట మింగేసింది. ఈ ఇంట్లో తాము అద్దెకున్నామని ఎవరికీ చెప్పలేదు. పేరు ఎవరిదైతేనేం, గాట్లు ఉంటే చాలనుకుంది.

ఒక్కటే ఆమెకి అర్థం కాలేదు. పోయేనాటికి ఇమ్రాన్ ఆమె భుజం దాకా వచ్చేవాడు. ఈ పిల్లాడు నడుము దగ్గరే ఆగిపోయాడు. ఆనాటికీ ఈనాటికీ తాను ఎదిగింది కదా, అందుకని అనుకుంది.

కరెంటు వచ్చింది. ఎవరూ నొక్కకుండానే స్పీకరు తనంతట తాను మొదలుపెట్టింది: "మా ఇంట్లో మనుషుల కన్నా తలుపులు ఎక్కువ." ఖాళీ హాల్లో ఆ మాటకి నవ్వేవాళ్ళు లేరు. నడుము పక్కన ఇందాకటి నుంచీ ఉన్నది అప్పుడు లేదు.

*

గాజువాకలో చెప్పుల షాపు పైన రెండు గదులు. అబ్బా ఉన్నప్పుడే ఇక్కడికి మారారు. ఆయన పోయాక పనిముట్ల పెట్టె మంచం కిందకి చేరింది, తల్లీకూతుళ్ళు మిగిలారు. చాంద్ సుల్తానా గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని చీరలకి ఫాల్ కుడుతుంది. ఆ ఇంట్లో మామూలుగా ఉర్దూ, వీధిలోకి తెలుగు, మనసు బరువెక్కితే వీధి తెలుగే ఇంట్లోకీ వచ్చేస్తుంది.

కూతురు పని నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే ఆవిడ ఆ ఇంటి గురించి ఏదో ఒకటి అడుగుతుంది. ఎనకాల పంపు ఇంకా కారతందా? వంటింటి కిటికీ రెక్క పడతందా? ఆ ద్వారబంధం మాట మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఇల్లు మారాక ఆ వీధిలో మళ్ళీ అడుగుపెట్టలేదు కూడా.

శుక్రవారం సాయంత్రం టీ గ్లాసు తల్లి పక్కన పెట్టి, మాహిరా ఎదురుగా కూర్చుంది.

"అమ్మీ, నడిమిగది ద్వారబంధం పచ్చరంగు గీకీసినారు."

సూది ఆగింది. "ఎప్పుడు?"

"నాను సేరకముందే."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

చాంద్ సుల్తానా చీర మడత సరిచేసుకుంది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసుకుంది.

"లప్పం కూడా తీసేసినారా?"

"తీసేసినారు. అన్నీ కనపడతన్నాయి. ఇంటూ కొట్టింది కూడా."

"మీ అబ్బా తన సేత్తో నింపినాడే ఆ లప్పం. ఏడుస్తా నింపినాడు. నానే నింపమన్నాను. ఆ గుమ్మం దాటినప్పుడల్లా ఉలి నాకే తగిలినట్టుండీది." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడవి ఎవులివని సెప్తన్నారు?"

"ఆ రచయితగారివని. నానే సెప్తన్నాను, వచ్చినోలందరికీ."

చాంద్ సుల్తానా కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకుంది మాహిరా. తిట్టలేదు.

"ఎల్లుండి ఆయన సెల్లెలు వత్తాది అమ్మీ. కాదంటే మళ్ళీ లప్పం పెట్టేత్తారంట. అవునంటే ఉంచుతారు. ఆయమ్మ అవునంటే బాగున్ను."

"పెట్టెయ్యనీ లప్పం. మంచిదే."

"అమ్మీ!"

"కప్పెట్టినదాన్ని తవ్వకూడదు. పాపాయమ్మ సెప్పింది కాదేటి? సేపల గంప దించినప్పుడల్లా సెప్పింది. 'బుల్లోడిని కొలకండమ్మా, కొలిత్తే ఎదగడు' అని. నాను మీ అబ్బాతో అన్నాను. నవ్వీసినాడు. ఆయన నవ్వితే నానూ నవ్వీసినాను. ఒక్క పండగకి నాను అడ్డం పడుంటే..."

"కొలిత్తే పోతారేటి ఎవులైనా? విషజ్వరం వచ్చింది ఆడికి."

"జ్వరం ఈదిలో అందరికీ వచ్చింది. పోయింది ఎవుడు?"

ఆ మూలమట్టం పట్టుకున్న చేతులు తనవే. కింద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. చాంద్ సుల్తానా దారం కొరికి, సూదిలోకి ఎక్కించబోయింది. కన్నం దొరకలేదు. మాహిరా సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

*

శనివారం షామియానా వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. సాయిశంకర్ లాల్చీ చేతులు మడిచి తనే కుర్చీలు వరసలో వేస్తున్నాడు. రాత్రంతా ఆలోచించి మాహిరా ఒక నిర్ణయానికి వచ్చింది. ఆవిడ వచ్చి అందరి ముందూ కాదనే కన్నా, ముందే సార్‌కి చెప్పేసి బతిమాలుకోవడం మంచిది.

"సార్, ఈ ఇంట్లో మధ్యలో ఎవరో కాపురం ఉండేవారంట కదా."

"ఉండేవారు. ఎవరో వడ్రంగి కుటుంబం. చాలా ఏళ్ళు కదలకుండా ఉన్నారట." సాయిశంకర్ కుర్చీ కాలు సరిచేస్తూ అన్నాడు. "బంగారం లాంటి టేకుకి పచ్చరంగు పూసి పారేశారు! అది గీకించడానికి ఎంత పని పట్టిందనుకున్నారు? పాపం, ఎవరింట్లో ఉన్నారో వాళ్ళకేం తెలుసు. అయినా వాళ్ళ కథ మనకెందుకు? జనం వచ్చేది అచ్యుతరామయ్య గారి కోసం."

అతను ద్వేషంతో అనలేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. పచ్చరంగు పూసిన మనిషి కుంచె ఆపి ఆపి మొహం తుడుచుకోవడం ఆమె కళ్ళారా చూసింది. చెప్పాలనుకున్నది చెప్పకుండా పక్క వరస కుర్చీలు సర్దసాగింది.

ఆ మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ నడుము దగ్గర ఊపిరి కోసం ఎదురుచూసింది. రాలేదు. షామియానా కుర్రాళ్ళ అరుపులకి బెదిరాడేమో అనుకుంది. పై గాటులో దుమ్ము తుడవబోయి ఆగింది. దాన్ని మాత్రం అలాగే వదిలేసింది. కారణం అడిగితే ఆమే చెప్పలేదు.

*

ఆదివారం పొద్దున ఇల్లు పట్టనంత జనం వచ్చారు. కారు దిగిన ధనలక్ష్మి గారిని మనవడు కార్తీక్ ఒక చేత్తో, సాయిశంకర్ ఒక చేత్తో పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. సన్నటి మనిషి. తెల్లజుట్టు, నేత చీర, చేతిలో నాలుగు కాళ్ళ కర్ర. హాల్లో అన్నగారి కళ్ళజోడు వంక చూసి చిన్నగా నవ్వింది. గోడ మీద వంశవృక్షం బోర్డు ముందు ఆగి, కింది వరస పైనుంచి వేలు నడిపింది. అచ్యుతరామయ్య, ధనలక్ష్మి. వేలు ఆ తర్వాతి ఖాళీ దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

ద్వారబంధం ఎదురుగా కుర్చీ వేశారు. "ఒక్క నిమిషం అమ్మగారూ, కెమెరా వాళ్ళు రెడీ అవుతున్నారు," అన్నాడు సాయిశంకర్. జనం ఆ సందులో గాట్లు చూడ్డానికి ముందుకి తోసుకున్నారు. "ఒకరి తర్వాత ఒకరు," అంటూ మాహిరా వాళ్ళని ఆపుతోంది. ఆపుతూ చూసింది. నడిమిగది గోడ వారన, నల్ల బురఖా వేసుకుని, మొహం మీద ముసుగు తీసి, తల్లి నిలబడి ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలీదు. ఏ ఆటో ఎక్కిందో, ఎక్కడ దిగి ఎంత దూరం నడిచిందో తెలీదు. ఆవిడ కళ్ళు గోడల మీద లేవు, జనం మీద లేవు. ఆ కమ్మీ మీదే ఉన్నాయి. మళ్ళీ లప్పం పెట్టేలోపు ఒక్కసారి చూసి పోదామని వచ్చిన మనిషి చూపు అది.

పట్టుచీర కట్టుకున్న ఒకావిడ తన కొడుకుని ముందుకి నెట్టింది. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. "ఆనుకుని నిలబడరా. ఎంత వచ్చావో చూద్దాం." కుర్రాడు వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. వాడి తల సరిగ్గా పై గాటు దగ్గర ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. "అబ్బ, సరిగ్గా సరిపోయాడు!" అంది తల్లి మురిసిపోతూ.

జనాన్ని చీల్చుకుని చాంద్ సుల్తానా వచ్చింది. ఆ కుర్రాడి రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"కొలకండి! పిల్లోడిని కొలకండమ్మా! ఆ గాటు కాడ నిలబెట్టకండి!"

కుర్రాడు బెదిరి ఏడుపు అందుకున్నాడు. పట్టుచీరావిడ కొడుకుని లాక్కుని, "ఎవరే నువ్వు? ఒళ్ళు తెలుస్తోందా?" అని అరిచింది. సాయిశంకర్ పరుగున వచ్చాడు. "ఎవరమ్మా మీరు? లోపలికి ఎవరు రానిచ్చారు?" అని చెయ్యి అడ్డం పెట్టాడు. మాహిరా వెళ్ళి తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేసింది. ఇక దాచడానికేముంది?

"మా అమ్మ, సార్," అంది. "ఆ వడ్రంగి కుటుంబం మాదే. ఈ గాట్లు మా తమ్ముడివి. మా అబ్బా కొట్టాడు. ఆ పైది ఆఖరుది."

సాయిశంకర్ ఒకసారి ఇత్తడి పలక వైపు, ఒకసారి మాహిరా వైపు చూశాడు. అతని మొహంలో కోపం కన్నా ముందు సిగ్గు వచ్చింది. తేరుకుని ఏదో అనబోయాడు. ఆలోపే కర్ర చప్పుడైంది.

"కాస్త జరగండయ్యా. ఆయమ్మని నాకు కనపడనీండి," అంది ధనలక్ష్మి.

జనం జరిగారు. చాంద్ సుల్తానా గడప మీద కూర్చుండిపోయింది. గడప మీద కూర్చోకూడదని ఆ ఇంట్లో కాపురమున్న వాళ్ళందరూ పిల్లలకి చెబుతూ వచ్చినవాళ్ళే. ఆ పూట ఎవరూ లేవమనలేదు. ధనలక్ష్మి మనవడి చేత కుర్చీ ఆ గడప దగ్గరకంటా జరిపించుకుంది.

"కొలిచినందుకే పోనాడని అనుకుంటన్నావా తల్లీ?"

చాంద్ సుల్తానా తల ఎత్తలేదు. "సెప్పినారమ్మా నాకు. ముందే సెప్పినారు. ఇనలేదు."

"మా ఇంట్లో పిల్లల్ని ఎప్పుడూ కొలవలేదు," అంది ధనలక్ష్మి. "ఒక్కసారీ కొలవలేదు. మా నాయనమ్మ కొలవనిచ్చేదా? పిల్లల పక్కన చీపురు నిలబెడితేనే కేకలేసేది, ఎవరు పొడుగో తెలిసిపోతాదని. గోడ మీద బొగ్గుతో గీత గీశానని నన్ను చెయ్యి వాచేలా కొట్టింది." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "అయినా మా సింహాద్రి పోనాడు. అన్నయ్య, నాను, మా తర్వాత ఆడు. ఆరేళ్ళు నిండలేదు. ఇదిగో, ఈ వెనకగదిలోనే. నా ఒళ్ళో తల పెట్టుకుని."

చాంద్ సుల్తానా అప్పుడు తల ఎత్తింది.

"కొలవని పిల్లాడూ పోతాడు తల్లీ. నీ తప్పు కాదు. మీ ఆయన తప్పూ కాదు."

వెనకెక్కడో కుర్రాడి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. చాంద్ సుల్తానా నోరు తెరిచింది. మొదట శబ్దం రాలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళుగా లప్పం కింద ఉన్న ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. ధనలక్ష్మి ఆ బురఖా మీద, తల మీద, చెయ్యి వేసి ఉంచింది. ఊరుకోమని అనలేదు.

"ఏం పేరు మీవాడిది?"

"ఇమ్రాన్," అంది చాంద్ సుల్తానా.

ఆ పేరు తల్లి నోట విని ఎన్నేళ్ళయిందో మాహిరాకి గుర్తులేదు. ఆమెకీ కళ్ళు నిండిపోయాయి.

"అన్నయ్య అంత పెద్ద రచయిత," అంది ధనలక్ష్మి, ఎవరితో అని కాకుండా. "అన్ని వందల పేజీలు రాశాడు. తలుపుల గురించి రాశాడు, కిటికీల గురించి రాశాడు. ఆడి గురించి ఒక్క ముక్క రాయలేదు. రాయలేకపోయాడేమో. ఫొటో లేదు, గీత లేదు. నాను పోతే ఆడు ఉండేవాడని చెప్పే మనిషే ఉండదు. ఎంత ఉండేవాడంటే..."

ఆవిడ అరచెయ్యి చాపి గాల్లో పెట్టింది. కాస్త పైకి ఎత్తింది, కాదన్నట్టు కిందకి దించింది, మళ్ళీ కొంచెం ఎత్తింది. చివరికి ఒకచోట ఆపింది. "ఇంత. ఇక్కడికి వచ్చేవాడు."

ఆ చెయ్యి మాహిరా నడుము పక్కనే ఆగింది. మధ్యాహ్నాలు ఆ ఊపిరి తెలిసే చోట. 'జరగరా ఇమ్రాన్' అని ఇన్నాళ్ళూ ఎవరితో అన్నదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఎవరూ తల మీద చెయ్యి పెట్టి కొలవని పిల్లాడు ఆ కమ్మీకి ఆనుకుని, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.

సాయిశంకర్ పక్కకి వచ్చి వంగాడు. గొంతు బాగా తగ్గించాడు. "అమ్మగారూ, పొరపాటైపోయింది. మరి ఈ గాట్లు... మూయించెయ్యమంటారా?"

ధనలక్ష్మి కన్నా ముందు చాంద్ సుల్తానా కదిలింది. గడప మీద కూర్చునే చెయ్యి చాపి కింది గాటు మీద వేలు పెట్టింది. మొదటి పండగది. అక్కణ్ణించి ఒక్కొక్కటీ తడుముతూ, లేచి నిలబడుతూ, పైదాకా వెళ్ళింది. పై గాటు మీద వేలు ఉంచింది. తీసి చూసుకుంటే వేలికి నల్లగా దుమ్ము అంటింది.

"మూయకండి బాబూ," అంది. "ఒకసారి మూసినాం. సాలు."

"మావాడికి ఎలాగూ లేకపోయింది," అంది ధనలక్ష్మి. "ఉన్నవాడిదైనా ఉండనీ."

*

సోమవారం సెలవు. మంగళవారం మాహిరా వచ్చేసరికి ఇత్తడి పలక లేదు. దాని మరలు ఉన్న చోట చిన్న కన్నాలు మిగిలాయి. వాటి పక్కన కొత్తగా ఏం రాయాలో కమిటీ తేలుస్తుందని, అప్పటిదాకా అక్కడ ఏమీ చెప్పొద్దని సాయిశంకర్ ఫోన్లో అన్నాడు. కాసేపాగి, పాడుబడిన ఇల్లనే ఆ వాక్యం కూడా వదిలెయ్యమన్నాడు. ఫోను పెట్టేసే ముందు, "మీ నాన్నగారి పేరు ఏమిటండీ?" అని అడిగాడు. "నజీర్ అహ్మద్," అంది మాహిరా.

మొదట వచ్చినవాళ్ళు అనకాపల్లి నుంచి ఒక జంట. హాలు చూశారు, మీట నొక్కారు, నవ్వారు. గడప దగ్గర మాహిరా ఎప్పటిలాగే చూసుకుని దాటమంది. వాళ్ళు దాటాక ఆ భర్త ద్వారబంధం వైపు వంగాడు.

"ఇవేంటండీ? గాట్లలా ఉన్నాయి."

ఏమీ చెప్పొద్దని సార్ అన్నాడు. మాహిరా ఒక్క క్షణం ఆగింది.

"మా తమ్ముడు ఇమ్రాన్ ఎత్తు అండి. మేం ఇక్కడ కాపురం ఉండేవాళ్ళం. ప్రతి పండక్కీ మా అబ్బా ఒకటి కొట్టేవాడు. ఈ ఇంటూ ఉందే, ఆ ఏడాది వాడు మడమలు లేపాడు."

అతని భార్య నవ్వింది. తర్వాత, గాట్లు ఎక్కడ ఆగాయో చూసి, నవ్వు ఆపేసింది.

"అంతకు ముందు ఇక్కడ ఇంకో పిల్లాడు ఉండేవాడు," అంది మాహిరా. "రచయిత గారి తమ్ముడు, సింహాద్రి. ఆ పిల్లాడిని ఎవరూ కొలవలేదు. ఇంత ఉండేవాడు."

అరచెయ్యి చాపి నడుము పక్కన గాల్లో ఆపింది. వాళ్ళు వెనకగదిలోకి వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి వెంటనే తియ్యలేదు. కింద తల ఉన్నప్పుడు పెట్టినట్టే, బరువు వెయ్యకుండా, అలా కాసేపు ఉంచింది.